పెద్ద చేప నీళ్ళకే

అమెరికా పటంలో మిన్నెసోటా రాష్ట్రం నెత్తిన చిన్న ముక్క ఒకటి కెనడా వైపు పొడుచుకొచ్చి ఉంటుంది. 1783లో బ్రిటన్‌తో సంధి రాసుకునేనాటికి మిసిసిపీ నది ఎక్కడ పుడుతుందో ఎవరికీ సరిగ్గా తెలియదు. లేక్ ఆఫ్ ది వుడ్స్ అనే సరస్సు వాయవ్య మూల నుంచి తిన్నగా పడమరకు గీత లాగితే ఆ నది తగులుతుందని లెక్కవేసుకున్నారు. నది అంత ఉత్తరాన లేదు. తర్వాత ఆ గీతను సర్దుకునే పనిలో ఈ ముక్క అమెరికా వాటాకు వచ్చింది. మిన్నెసోటా, ఒంటారియో, మానిటోబా మూడూ పంచుకున్న ఆ సరస్సు విస్తీర్ణం 4 వేల చదరపు కిలోమీటర్లకు పైమాటే. మంచుయుగం చివర ఈ ప్రాంతాన్నంతా ముంచేసి ఉన్న అగాసిజ్ మహాసరస్సు ఇంకిపోగా మిగిలిన నీళ్ళలో ఇదొకటి.

దసరా వెళ్ళి దీపావళి ఇంకా రాని రోజుల్లో, మినియాపొలిస్‌లో ఉండే మా మేనల్లుడు నన్ను అక్కడికి బయల్దేరదీశాడు, వాలై చేప పట్టడానికి. వాడికి క్రికెట్ పిచ్చి వదిలి ఈ పిచ్చి పట్టి చాలాకాలమైంది. "వేసవిలో ఎవడైనా పడతాడు మావయ్యా, అక్టోబరులో పట్టాలి" అన్నాడు. గోదావరి ఒడ్డున పుట్టినవాణ్ణి, చేపకో కాలం ఉంటుందని నాకు ఒకరు చెప్పక్కర్లేదు. ఎర్రనీళ్ళు దిగగానే సముద్రం నుంచి ఎదురెక్కి వచ్చే పులస కోసం రేవుల్లో జరిగే వేలంపాటలు చూస్తూ పెరిగాం. కాకపోతే పులస మనకు వరదల నాటి ముచ్చట. చలి ముదిరేకొద్దీ ఆకలి పెరిగే చేప సంగతి మాత్రం నాకు కొత్త.

మిన్నెసోటా 1965లో వాలైని తన రాష్ట్ర చేపగా ప్రకటించుకుంది. పెర్చ్ కుటుంబానికి చెందిన చేప ఇది. పొడవాటి ఒళ్ళు, ఆకుపచ్చ కలిసిన బంగారు రంగు, ముళ్ళున్న వెన్నురెక్క, నోట్లో కోరల్లాంటి పళ్ళు, తోక కింది కొసన తెల్లటి మచ్చ. ఆ మచ్చ చూసే దాన్ని గుర్తుపట్టాలి, ఎందుకంటే సాగర్ అని దీనికో చిన్న చుట్టం ఉంది. దానికి ఆ తెలుపు ఉండదు, వెన్నురెక్క మీద చుక్కలుంటాయి. అక్కడివాళ్ళకు వాలై మీద ఉన్న భక్తి చూస్తే ముచ్చటేస్తుంది. మిల్ లాక్స్ సరస్సు ఒడ్డున గారిసన్‌లో ఒక వాలై విగ్రహం. మేం వెళ్ళే బోడెట్ ఊళ్ళో 1959 నాటి 40 అడుగుల విగ్రహం ఇంకొకటి, దాని పేరు విల్లీ. ప్రపంచ వాలై రాజధాని అన్న బిరుదు బోడెట్ తనకు తానే ఇచ్చుకుంది.

మినియాపొలిస్ నుంచి బోడెట్ దాదాపు 450 కిలోమీటర్లు. తిన్నగా పోతే అయిదు గంటలు. మేం తిన్నగా పోలేదు. మిల్ లాక్స్ ఒడ్డు వెంట వెళ్ళాం. 1,32,000 ఎకరాల ఆ సరస్సు ఎక్కడా 42 అడుగులకు మించి లోతు ఉండదు. ఇక్కడి ఓజిబ్వే తెగవాళ్ళు 1837లో భూములు ప్రభుత్వానికి అప్పగిస్తూ, వేటాడే హక్కు, చేపలు పట్టే హక్కు తమకు ఉండాలని ఒప్పందంలో రాయించుకున్నారు. అది కాగితం మీదే ఉండిపోయింది. చివరకు 1999లో సుప్రీంకోర్టు అయిదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపుగా చీలి, ఆ హక్కు ఇంకా బతికే ఉందని తీర్పు చెప్పింది. అప్పట్నుంచీ సరస్సులో చేప ఎంతుంది, ఎవరెంత తీయవచ్చు అన్నది రాష్ట్రమూ తెగలూ కూర్చుని తేల్చుకుంటున్నాయి. 2016లో అయితే గాలంతో పట్టేవాళ్ళు వాలైని ఒక్కటి కూడా ఇంటికి తీసుకెళ్ళకూడదన్నారు.

బెమిడ్జి దాటి, బ్లాక్‌డక్ దగ్గర 72వ నంబరు రోడ్డెక్కాక ఊళ్ళు పలచబడ్డాయి. రోడ్డుకు రెండుపక్కలా టామరాక్ చెట్లు. చూడటానికి దేవదారు జాతి, కానీ శీతాకాలం ముందు ఆకు రాల్చేస్తుంది. రాలబోయే ముందు సూదులన్నీ పసుపుపచ్చగా మారతాయి. ఆ పసుపు కింద నేల నేల కాదు, పీట్ ఊబి. వాస్కిష్ దగ్గర దాని మీద మైలు పొడవున నడక వంతెన వేశారు. దాని అంచు నుంచి చెయ్యి ముంచి చూశాను. నీళ్ళు పాలు పొయ్యని టీ రంగులో ఉన్నాయి. కుళ్ళి నానిన నాచు నుంచి, బెరడు నుంచి దిగిన రంగు అది. ఈ ఊబుల నీళ్ళు ఏరుల్లో పడి, చివరకు మేం వెళ్ళే రెయినీ నదికీ చేరతాయి. ఆ రంగుకు, మేం పట్టబోయే చేపకు ఉన్న సంబంధం మర్నాడు తెలిసింది.

వాస్కిష్ ఒడ్డున ఉన్నది ఎగువ (అప్పర్) రెడ్ లేక్. నేను కారు ఆపించి కాసేపు నిలబడ్డాను. చూడటానికేమీ లేదు, బూడిదరంగు నీళ్ళు, గాలి. కానీ ఈ యాత్రలో నాకు అన్నిటికంటే గుర్తుండిపోయినది ఈ సరస్సు కథే. దిగువ రెడ్ లేక్ మొత్తం, ఎగువ రెడ్ లేక్‌లో చాలాభాగం రెడ్ లేక్ ఓజిబ్వే వాళ్ళవి. తూర్పున మిగిలిన ముక్క రాష్ట్రానిది. మొదటి ప్రపంచయుద్ధం నాటి ఆహార కొరతలో, 1917లో, ఇక్కడ వలలు వేసి వాలైని అమ్మడం మొదలైంది. దశాబ్దాల తరబడి నడిచింది. అటు వలలు, ఇటు రాష్ట్రం వైపు గాలాలు, పైగా లెక్కల్లోకి రాకుండా పోయే దొంగసరుకు. 1990ల నడుమకు సరస్సు ఖాళీ అయింది. పెద్ద చేపలు పోయాయి, గుడ్లు పెట్టేవి లేవు. 1997లో తెగ జాలర్లు తమంతట తామే వ్యాపారానికి వల వేయడం మానేశారు. 1999లో తెగ, రాష్ట్రం, కేంద్రం కలిసి ఒప్పందం రాసుకున్నాయి. రెండువైపులా వాలై వేట బంద్. హేచరీల నుంచి కోట్లలో పిల్లల్ని తెచ్చి వదిలారు. ఆ ఏళ్ళలో వాలై లేని చోట క్రాపీ అనే ఇంకో చేప విపరీతంగా పెరిగి, జనం దానికోసం బారులు తీరారట. 2006 మేలో మళ్ళీ వాలై వేటకు తలుపు తీశారు.

చేపలు పోవడం మనకు తెలిసిన కథే, తిరిగి రావడమే అరుదు. అందులోనూ నోటి దగ్గర కూడు ఉన్నవాళ్ళే ముందు చెయ్యి వెనక్కి తీసుకున్నారన్నది నాకు పెద్ద విషయంగా తోచింది. మా వాడు హీటర్ వేసుకుని కార్లోంచి హారన్ కొట్టాడు.

బోడెట్‌లో ఎరల కొట్టు చిన్న సూపర్ మార్కెట్టంత ఉంది. ఒక గోడ నిండా రాపాలా బొమ్మచేపలు. ఫిన్లండ్‌లో లౌరి రాపాలా అనే జాలరి 1936లో బెండు చెక్కి చేసిన ఎర అది. దాన్ని అమెరికాకు దిగుమతి చేసింది మిన్నెసోటా వాళ్ళే. 1962 ఆగస్టులో లైఫ్ పత్రిక దాని గురించి రాసింది. ఆ సంచిక అట్ట మీద అప్పుడే చనిపోయిన మార్లిన్ మన్రో బొమ్మ. ఆమె కోసం కొన్నవాళ్ళందరూ లోపల చేప ఎర గురించి చదివారు, కంపెనీ పంట పండింది. అక్టోబరు రాత్రుళ్ళలో ఒడ్డు వెంబడి నెమ్మదిగా పడవ నడుపుతూ ఈ బొమ్మచేపల్ని ఈడ్చుకుపోయి వాలై పట్టే పద్ధతి ఒకటుంది. మేం మాట్లాడుకున్న గైడుది ఆ దారి కాదు. కొట్టువాడు ఫ్రీజర్ తీసి, గడ్డకట్టిన షైనర్ల పొట్లాలు ఇచ్చాడు. ఈ కాలం గుట్టంతా ఆ పొట్లాల్లోనే ఉంది.

ఎమరాల్డ్ షైనర్ అంటే వేలెడు పొడవున్న వెండి చేప. సరస్సు చల్లబడేకొద్దీ ఇవి గుంపులు గుంపులుగా రెయినీ నది ముఖం వైపు, నదిలోకి కదులుతాయి. వాటి వెనక వాలై. పుస్తకాల్లో ఆకురాలు కాలం అనగానే సరస్సు తిరగబడటం గురించి రాస్తారు. వేసవిలో లోతైన సరస్సు రెండంతస్తులుగా ఉంటుంది, పైన వెచ్చటి నీళ్ళు, అడుగున చల్లటి నీళ్ళు. నీరు 4 డిగ్రీల దగ్గర అన్నిటికంటే బరువు. పైనీళ్ళు చల్లబడి బరువెక్కి దిగుతుంటే, గాలి తోడై రెండూ కలిసిపోతాయి, అడుగుదాకా ప్రాణవాయువు అందుతుంది. అలా కలిసే రోజుల్లో చేపలు చెల్లాచెదురై గాలానికి దొరకవంటారు. లేక్ ఆఫ్ ది వుడ్స్ దక్షిణ భాగం లోతు తక్కువ, గాలికి ఎప్పుడూ కలుస్తూనే ఉంటుంది. కాబట్టి ఇక్కడ క్యాలెండరు షైనర్లే.

పొద్దున్నే వీలర్స్ పాయింట్ దగ్గర పడవెక్కాం. రేవు చెక్కల మీద మంచు పేరుకుని కాళ్ళు జారుతున్నాయి. గైడు అరవై దాటిన మనిషి, తక్కువ మాట్లాడతాడు. నది నడుమన సరిహద్దు, అటుపక్క గాలం వేస్తే ఒంటారియో లైసెన్సు కావాలి, అందుకని మన ఒడ్డుకే ఉందామన్నాడు. కంప్యూటరు సాయంతో పడవను కదలకుండా నిలబెట్టే మోటార్లు ఇప్పుడొచ్చాయి. చేప ఈదుతుంటే తెర మీద సినిమా చూపించే సోనార్లూ వచ్చాయి, వాటి మీద ఇక్కడ పెద్ద వాదులాటలే జరుగుతున్నాయి. ఈయన పడవలో ఉన్నది పాత సోనారూ, ఇనప లంగరూ. 15 అడుగుల నీళ్ళలో లంగరు వేశాడు.

ఎర గుచ్చడం మాత్రం దగ్గరుండి నేర్పాడు. పావు ఔన్సు సీసం గుండు, దానికి అతికి ఉన్న కొక్కెం, గుండుకు బంగారు రంగు. కరిగిన షైనరును ఎడమచేతి వేళ్ళ మధ్య పట్టుకుని, కొక్కేన్ని నోట్లోంచి దూర్చి మొప్ప కిందనుంచి బయటకు లాగాలి. తర్వాత చేపను కొక్కెం వంపు చుట్టూ తిప్పి, మళ్ళీ ఒంట్లోకి గుచ్చి వెన్ను దగ్గర కొస తేల్చాలి. సరిగ్గా కుదిరితే చేప తిన్నగా ఈదుతున్నట్టే ఉంటుంది. వంకర పోతే నీళ్ళలో గిరగిరా తిరిగి దారం మెలికపడుతుంది. చలికి వేళ్ళు కొయ్యబారి, నాకు ఆ రెండో గుచ్చుడు కుదరడానికి చాలాసేపు పట్టింది. గుచ్చాక నేలకు తాకేదాకా దించి, జానెడు లేపి, ఆగి, మళ్ళీ దించడం. అంతే పని. పొద్దంతా అంతే.

కొరుకు తెలియడం కష్టం. కొర్రమీనులా గుంజుకుపోదు. దారంలో చిన్న "టక్", తర్వాత బరువు. ఒక్కోసారి ఆ టక్ కూడా ఉండదు, గుండు నేలకు తాకాల్సిన చోట తాకదు, అంటే అది నోట్లో ఉందన్నమాట. మొదటిది పైకొచ్చినప్పుడు నేను చూసింది కళ్ళనే. పెద్దవి, పాలగాజులా మసకగా, చూపు లేనట్టుండే కళ్ళు. నిజానికి ఆ చూపే దాని బతుకు. రెటీనా వెనక తళతళలాడే పొర ఒకటుంది. ఒకసారి లోపలికి పోయిన వెలుగును ఆ పొర తిప్పికొట్టి మళ్ళీ రెటీనా మీద పడేస్తుంది, గుప్పెడు వెలుతురు రెండుసార్లు పనికొస్తుంది. పశువులకూ పిల్లులకూ రాత్రి కళ్ళు మెరిసేది ఇందుకే. పొద్దుగుంకే వేళ మిగతా చిన్నచేపలకు కళ్ళు ఆనవు, దీనికి ఆనతాయి. ఆ కాసేపట్లోనే దీని వేట. తేటనీళ్ళ సరస్సుల్లో వాలై కోసం తెల్లవారుజామో, మునిమాపో, గాలికి అలలు లేచి వెలుగు చెదిరే రోజో చూసుకోవాలి. ఇక్కడ ఊబి నీళ్ళ టీ రంగు పుణ్యమా అని అడుగున పట్టపగలూ మునిమాపే. మేం పదకొండింటికి ఎండలో కూర్చుని పట్టాం.

మా వాడి గాలానికి పెద్దది పడింది. రాడ్డు విల్లులా వంగింది. గైడు చేతివలతో ఎత్తి, తడిచేసిన కొలతబల్ల మీద పెట్టాడు. 26 అంగుళాలు. బంగారు పొట్ట నిండుగా ఉంది. ఫోటో తీసుకోవడానికి ఎంతసేపు పడుతుందో అంతే. నీళ్ళలో వదిలేశాడు. మావాడు హాయిగా నవ్వుతున్నాడు, నాకు మాత్రం ప్రాణం ఉసూరుమంది. మన రేవులో ఆ సైజు చేప తిరిగి నీళ్ళలో పడటం నేనెన్నడూ చూడలేదు.

ఇక్కడి నిబంధన అలాంటిది. 19.5 నుంచి 28 అంగుళాల దాకా ఉన్న వాలై ఏదైనా వెంటనే వదిలెయ్యాలి. 28 దాటినది మనిషికి ఒకటి ఉంచుకోవచ్చు. ఇంటికి పోయేవన్నీ చిన్నవే. వాలైలో మగవి అంతగా ఎదగవు. కొలతబల్ల మీద పెద్దగా కనబడేదంతా దాదాపు ఆడదే, దాని వయసు పదేళ్ళకు అటూఇటూ ఉంటుంది. గుడ్లు పెట్టేది వసంతంలో, మంచు కరిగాక, ఈ నదిలో కూడా. కానీ ఆ గుడ్లు కడుపులో తయారవడం ఆకురాలు కాలంలోనే మొదలవుతుంది. ఇంత తిండి ఎందుకంటే అందుకు. అక్టోబరులో పట్టిన నిండు చేప కడుపులో వచ్చే ఏప్రిల్ ఉంటుంది, లక్షల గుడ్లుగా.

"28 దాటింది పడితే మీరు ఉంచుకుంటారా?" అని గైడును అడిగాను.

"నేను ఉంచుకోను. మీరు అడిగితే కాదనను, చట్టం ఒప్పుకుంది" అన్నాడు. కాస్సేపాగి, "పెద్దది రుచి కూడా ఉండదు" అన్నాడు.

వదలడానికే పట్టడం అనేది నాకు ఇప్పటికీ సగమే మింగుడుపడింది. తినడానికి పట్టడం అర్థమవుతుంది. కొక్కెం గుచ్చి, ఫోటో తీసి, ముద్దుపెట్టి వదలడంలో దయ ఎంతో, సరదా ఎంతో చెప్పలేం. పైగా లోతు 30 అడుగులు దాటిందంటే వదలడం మాటలకే. వాలైకి ఒంట్లో గాలితిత్తి ఉంటుంది, దానికి కడుపులోకి దారి లేదు. లోతులోంచి ఒక్కసారిగా పైకి లాగితే తిత్తి ఉబ్బుతుంది, చేప తిరిగి దిగలేదు. గైడుకు ఆ సంగతి తెలుసు, అందుకే లోతుకు పోలేదు. చేతులు తడిపే పట్టుకున్నాడు, మొప్పల్లో వేలు పెట్టనివ్వలేదు. సరదాకు కూడా ఇంత మర్యాద ఉంటే, నా అభ్యంతరం కొంత తగ్గించుకోవచ్చు.

అందరూ అంత మర్యాదస్తులు కారు. 2022 సెప్టెంబరు చివర్న క్లీవ్‌లాండ్‌లో, ఈరీ సరస్సు వాలై పందెంలో గెలిచిన జట్టు చేపలు చూపుకంటే మరీ బరువు తూగాయి. నిర్వాహకుడు అక్కడికక్కడే కత్తి పెట్టి కోస్తే సీసం గుండ్లు, వేరే చేపల ముక్కలు బయటపడ్డాయి. బహుమతి 28 వేల డాలర్ల పైచిలుకు. ఆ జట్టులోని ఇద్దరూ కోర్టులో నేరం ఒప్పుకున్నారు. ఈ కథను గైడు చెప్పిన తీరు, ఇంట్లో వాళ్ళ పరువు పోయిన సంగతి చెప్పినట్టుంది.

ఈ నది కూడా ఒకప్పుడు చెడిపోయినదే. ఎగువన కాగితపు మిల్లుల వ్యర్థాలు పడి, నీళ్ళలో ఊపిరాడక చేప కరువైన కాలం ఉంది. 1970ల నుంచి చట్టాలు బిగిశాక మెల్లగా కోలుకుంది. ఆరడుగుల స్టర్జన్ చేపలు కూడా మళ్ళీ కనిపిస్తున్నాయి.

సాయంత్రానికి చిన్న వాలైలు నాలుగైదు, సాగర్లు కొన్ని మిగిలాయి. రిసార్టు దగ్గర చేపలు బాగుచేసే గది వేరే ఉంది, లోపల రేకు బల్ల, కుళాయి, దీపం. గైడు కత్తి మొప్ప వెనకనుంచి దించి, వెన్నెముక వెంబడి ఒక్క ఊపున తోకదాకా లాగాడు. తిరగేసి తోలు వేరుచేశాడు. తెల్లటి ముక్క, లోపల గుచ్చుకునే ముల్లు లేదు. తర్వాత తలలో కన్ను కింద కత్తికొనతో గుండ్రంగా తిప్పి, రూపాయి బిళ్ళంత బుగ్గకండ తీసి ఇచ్చాడు. మిగతా తల బకెట్లో వేయబోతుంటే మావాడు అడ్డం పడ్డాడు. తలలన్నీ కవర్లో వేసుకున్నాడు. దేనికని గైడు అడగలేదు.

ఆ రాత్రి క్యాబిన్‌లో కరెంటు పొయ్యి మీద పులుసు. మినియాపొలిస్ నుంచి ఉల్లిపాయలు, కారం, చింతపండు, మెంతులు మూట కట్టుకొచ్చాడు. వాసనకు ఇల్లు గుర్తొచ్చిన మాట నిజం. నోట్లో పెట్టుకుంటే పులుసు బ్రహ్మాండంగా ఉంది, చేపే ఎక్కడుందో తెలియలేదు. వాలై మాంసం మెత్తన, రుచి సున్నితం. చింతపండు ముందు నిలబడే సత్తా లేదు. బుగ్గకండలు, కొన్ని ముక్కలు పక్కన పెట్టి, ఉప్పు, మిరియాలు, కాస్త బియ్యప్పిండి అద్ది నూనెలో వేయించాం. అదీ వంట. అక్కడివాళ్ళు ఒడ్డున నిప్పు రాజేసి, పిండి అద్ది పందికొవ్వులో వేయించి, పక్కన బంగాళాదుంపలు పెట్టుకు తింటారు. వాళ్ళ లెక్కే సరైనదని నా తీర్పు.

మావాడు ఒప్పుకోలేదు. లోపం చేపది కాదట, చింతపండుదట, అక్కడి షాపుల్లో అమ్మేది ఏడాది పాతదట. సాగర్ తలలైతే పులుసుకు ఆగుతాయని కూడా అన్నాడు. మళ్ళీ వచ్చేటప్పుడు ఊరినుంచి కొత్త చింతపండు పట్టుకురమ్మని నాకు పని పురమాయించి, మిగిలిన పులుసు అన్నంలో కలుపుకున్నాడు.